అంకెలు లేని ప్రశ్న

బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. పైకి పోయి పోయి, ఇక కిందికి దిగబోయే ఆ క్షణంలో దాని వేగం ఎంత? త్వరణం ఎంత?

తొమ్మిదో తరగతిలో ఎక్కడ అడిగినా మొదటిదానికి జవాబు ఒక్క గొంతుతో వస్తుంది: సున్నా. రెండోదానికీ అంతే గట్టిగా సున్నా అంటారు. మొదటిది ఒప్పు, రెండోది తప్పు. బంతి పైకెళ్లినంత మాత్రాన భూమి లాగడం మానదు కదా. త్వరణం అక్కడ కూడా సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే, కిందికే.

పిల్లలు తప్పు చెప్పారన్నది నా బాధ కాదు. ఇదే పిల్లలకు లెక్క ఇచ్చి చూడండి. సెకనుకు 20 మీటర్ల తొలి వేగంతో పైకి విసిరిన బంతి ఎంత ఎత్తుకు వెళ్తుంది, గురుత్వ త్వరణం 10గా తీసుకోండి అంటే చకచకా చేసేస్తారు. సూత్రం రాసి, తుది వేగం సున్నా వేసి, 20 మీటర్లని తేల్చి, జవాబు కింద రెండు గీతలు కొట్టి ఇస్తారు. స్టెప్పులన్నీ ఉన్నాయి, మార్కులు పూర్తిగా వేయక తప్పదు. ఆ లెక్కలో త్వరణం 10 అని స్వహస్తాలతో రాసిన అమ్మాయే, కాసేపటికి అక్కడ త్వరణం సున్నా అంటోంది. మార్కుల రిజిస్టరులో మాత్రం ఆ అమ్మాయికి చలనం పాఠం వచ్చేసినట్టే.

పరీక్ష పెట్టడం అనే పనిలో నన్ను ఏళ్ల తరబడి వదలని విషయం ఇదే. మనం ఇచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం పిల్లల తలలో ఏముందో బయటికి రానివ్వవు. అంకెలు ఇచ్చేస్తే పిల్లలు సూత్రం వెతుక్కుంటారు, అంకెలు వేస్తారు, జవాబు రాబడతారు. బంతి గురించి ఆలోచించాల్సిన అవసరం వాళ్లకు ఎక్కడా రాదు.

అంకెలు లేకుండా అడిగితే కథ మారిపోతుంది. ‘త్వరణం సున్నా అన్నావు. మరి వేగం కూడా సున్నా అయినప్పుడు బంతి కిందికి ఎందుకు రావాలి?’ అని అడగండి. క్లాసు ఒక్కసారిగా ఆగిపోతుంది. ‘సార్, మనం విసిరిన బలం అయిపోయింది కాబట్టి’ అంటాడొకడు. ఆ జవాబు బంగారం. బలం అనేది బంతిలోకి ఎక్కించి పంపే సరుకు అని, దారిలో అది ఖర్చయిపోతుందని వాడి నమ్మకం. న్యూటన్‌కు ముందు కొన్ని శతాబ్దాల పాటు పెద్ద పెద్ద పండితులు నమ్మింది దాదాపు ఇదే. కాబట్టి వాడు మొద్దు కాడు. వాడు ఎక్కడ నిలబడి ఉన్నాడో ఇప్పుడు నాకు తెలిసింది, అక్కడి నుంచి చెప్పొచ్చు.

అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, మాల్కం వెల్స్, గ్రెగ్ స్వాక్‌హామర్ 1992లో ఒక ప్రశ్నపత్రం ప్రచురించారు. పేరు ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ. వీళ్లలో వెల్స్ హైస్కూలు ఫిజిక్స్ టీచరు, అది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఆ పత్రంలో అన్నీ మామూలు మాటల్లో అడిగిన బహుళైచ్ఛిక ప్రశ్నలే, సూత్రాలతో పని లేదు. దాని గొప్పదనమంతా తప్పు ఆప్షన్లలో ఉంది. వాటిని పెద్దలు కూర్చుని ఊహించి రాయలేదు. అంతకుముందు విద్యార్థులు తమ మాటల్లో రాసిన తప్పు జవాబుల్లోంచే ఏరుకున్నారు. అందుకే చదివిన పిల్లవాడికి ‘నేననుకున్నదే ఇది’ అనిపిస్తుంది, పట్టుబడతాడు. పెద్ద లారీ, చిన్న కారు ఢీకొంటే ఏది దేనిమీద ఎక్కువ బలం వేస్తుందన్న ప్రశ్న అందులో ఉంది. కారు స్థానంలో ఆటో పెట్టి మన క్లాసులో అడగండి. మూడో గమన నియమాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పే పిల్లలు కూడా లారీదే ఎక్కువ బలం అంటారు. నుజ్జయ్యేది ఆటోనే కదా మరి! బలాలు సమానమే, ద్రవ్యరాశి తక్కువ కాబట్టి ఆటో వేగం ఒక్కసారిగా ఎక్కువ మారిందన్న మాట వాళ్లకు వాళ్లుగా చెప్పేదాకా నియమం వచ్చినట్టు కాదు.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ ఇలాంటి పత్రాన్నే తన విద్యార్థులకు ఇచ్చి కంగుతిన్నాడు. ఆ తర్వాత పరీక్షలో ఒకే విద్యుత్ పాఠం మీద రెండు ప్రశ్నలు పెట్టి చూశాడు. ఒకటి సమీకరణాలు రాసి చేయాల్సిన లెక్క. రెండోది, స్విచ్ వేస్తే ఏ బల్బు ఎలా మారుతుందన్న ఉత్త ప్రశ్న. లెక్కే బాగా చేశారు. అంత పెద్ద విశ్వవిద్యాలయంలో పరిస్థితి అలా ఉంటే, మన జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలను తప్పుపట్టే హక్కు ఎవరికుంది?

విద్యుత్తు దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, అడిగే ప్రశ్న మంచిదైతే అక్కడ దొరికేంత పంట ఇంకెక్కడా దొరకదు. మామూలుగా మనం ఇచ్చేది ఇది: 2, 3, 6 ఓమ్‌ల నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత? ఒక ఓమ్. భిన్నాల కూడిక వచ్చిన ప్రతి ఒక్కరూ చేస్తారు. దీంతో తెలిసేది భిన్నాలు వచ్చాయని.

దాని బదులు ఇలా అడుగుతాను. ఒకే రకం బల్బులు మూడు. బ్యాటరీ నుంచి వచ్చిన తీగ ముందు ఎ బల్బుకు వెళ్లింది. అది దాటాక దారి రెండుగా చీలి, ఒకదానిలో బి, ఇంకోదానిలో సి ఉన్నాయి. రెండు దారులూ మళ్లీ కలిసి బ్యాటరీకి చేరాయి. ఇప్పుడు సి బల్బును హోల్డర్ నుంచి పీకేశాం. ఎ, బి బల్బుల వెలుగు ఏమవుతుంది? ఎందుకు?

జవాబుకు ఒక మార్కు, ‘ఎందుకు’కు మూడు. కాగితాలు వచ్చాక ముందు మార్కులు వేయను. స్టాఫ్ రూం బల్ల మీద కారణాన్ని బట్టి కట్టలు పేరుస్తాను. ఒక కట్టలో ‘ఎ మారదు, కరెంటు ముందు దాన్ని దాటుకునే వస్తుంది కాబట్టి’ అన్నవాళ్లు. కరెంటు దారి పొడవునా ఒక్కో బల్బునూ పలకరిస్తూ పోతుందని, వెనక జరిగింది ముందున్నదానికి తెలియదని వాళ్ల లెక్క. రెండో కట్టలో ‘సికి పోవాల్సిన కరెంటు కూడా బికే వస్తుంది, అందుకని బిలో రెట్టింపు అవుతుంది, ఎ అలాగే ఉంటుంది’ అన్నవాళ్లు. వీళ్ల దృష్టిలో బ్యాటరీ ఎప్పుడూ ఒకే కొలత కరెంటు పంపుతుంది. మూడో కట్టలో ‘సి ఆరిపోతే అన్నీ ఆరిపోతాయి’ అన్నవాళ్లు, శ్రేణి సంధానానికీ సమాంతర సంధానానికీ తేడా ఇంకా అందనివాళ్లు. నిజంగా జరిగేదేమిటంటే, ఒక దారి మూసుకుపోవడంతో వలయం మొత్తం నిరోధం పెరుగుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు తగ్గుతుంది. ఎ మసకబారుతుంది. బి మాత్రం ఇంతకుముందు సగమే తీసుకునేది, ఇప్పుడు వచ్చినదంతా తీసుకుంటుంది కాబట్టి మొదటికన్నా ఎక్కువ వెలుగుతుంది, రెట్టింపు కరెంటు మాత్రం రాదు. రెండు బల్బులూ సమానంగా వెలుగుతాయి.

మూడు కట్టలకు మూడు వేరు వేరు పాఠాలు చెప్పాలి. అందరికీ ఓమ్ నియమాన్ని ఇంకోసారి బోర్డు మీద రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. జవాబు నేను చెప్పను కూడా. మర్నాడు చిన్న టార్చి బల్బులు, హోల్డర్లు, సెల్సు తెచ్చి కలిపి చూపిస్తాను. ఇప్పుడు టార్చిల్లో అన్నీ ఎల్ఈడీలే, పాత ఫిలమెంటు బల్బుల కోసం ఎలక్ట్రికల్ షాపుల్లో కాస్త వెతకాలి, వెతికితే దొరుకుతాయి. తాము రాసిన జవాబు బల్ల మీద వెలుగుతుందో ఆరుతుందో చూడాలని పిల్లలు బెంచీలెక్కి ముందుకు వంగుతారు. పరీక్ష అయిపోయాక ఆ పాఠం మీద అంత ఆసక్తి నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఇలాంటి ప్రశ్నలకు ఆయుష్షు తక్కువ. కాంతి పాఠంలో కుంభాకార కటకాన్ని సగం నల్ల కాగితంతో కప్పితే పూర్తి ప్రతిబింబం వస్తుందా అన్న ప్రశ్న చాలా మంచిది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోనే ఉంది. పుస్తకంలో ఉంది కాబట్టి గైడ్లలోకీ వచ్చింది. ‘పూర్తి ప్రతిబింబం ఏర్పడును, కానీ తీవ్రత తగ్గును’ అని పిల్లలు కంఠస్థం చేశారు. ప్రశ్న చచ్చిపోయింది. దాన్ని మళ్లీ బతికించాలంటే కొంచెం కదపాలి. కటకం మధ్యభాగం మూస్తే? అసలు కటకాన్నే తీసేస్తే తెర మీద ఏం కనిపిస్తుంది? ‘బొమ్మ నిటారుగా వస్తుంది సార్’ అనేవాళ్లు ఎంతమందో. బొమ్మ వస్తువు నుంచి బయల్దేరి వస్తుందని, కటకం దాన్ని తిప్పడం మాత్రమే చేస్తుందని వాళ్ల నమ్మకం. కటకం లేకపోతే తెర మీద బొమ్మే ఉండదు, పరుచుకున్న వెలుగు తప్ప. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ కిరణాలు అన్ని వైపులా పోతాయన్న మాట బోధపడితే మూడు ప్రశ్నలకూ జవాబు అదే వస్తుంది.

తరంగాలకు వస్తే, గోల్కొండ చాలు. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది, దూరం కిలోమీటరు ఉంటుందంటారు. ఇంకా గట్టిగా కొడితే ఇంకా త్వరగా వినిపిస్తుందా? అవునని చేతులెత్తేవాళ్లే ఎక్కువ. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఆ మూడు సెకన్లు పట్టాల్సిందే.

అంకెలంటే నాకు పగ లేదు. అంకెల్నీ ఆలోచించేలా అడగొచ్చు. ‘ఒక విద్యార్థి లెక్క చేసి ఆటో వడి సెకనుకు 400 మీటర్లని రాశాడు. ఈ జవాబును మీరు నమ్ముతారా?’ గంటకు 1440 కిలోమీటర్లు! శబ్దాన్ని మించిన ఆటో. ఈ ప్రశ్న ఒక్కసారి ఎదురైన పిల్లలు తర్వాత తమ జవాబుల కింద గీతలు కొట్టేముందు ఒక క్షణం ఆగడం చూశాను.

మన దగ్గర ప్రయత్నాలు జరగలేదని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో వచ్చిన మార్పులో ఏడు విద్యా ప్రమాణాలు పెట్టారు. అందులో ప్రశ్నించడం, పరికల్పన చేయడం ఒకటి. ‘ఈ అంశం మీద మీ ఉపాధ్యాయుణ్ని ఏ ప్రశ్నలు అడుగుతారు?’ అని పబ్లిక్ పరీక్షలోనే అడిగారు. ఎంత గొప్ప ఆలోచన! ఆ ప్రశ్నలు కూడా గైడ్లలో అచ్చయ్యాయి. పిల్లలు సందేహాలను సైతం బట్టీ పట్టి రాశారు. నాకు కడుపు తరుక్కుపోయింది. లోపం ఆలోచనలో లేదు, ఏటా ఏ అచ్చులో ప్రశ్న వస్తుందో ముందే తెలిసిపోవడంలో ఉంది.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 1972లో మొదలై 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా నడిచిన సైన్స్ బోధన కార్యక్రమంలో పిల్లలు పుస్తకాలు, నోట్సులు తెరిచి పెట్టుకునే పరీక్ష రాసేవారు. ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది. అవి మామూలు ప్రభుత్వ బడులు. పుస్తకం ఎదురుగా ఉంటే నిర్వచనం అడగడం దండగ, ప్రశ్న తయారుచేసేవాళ్లు తప్పనిసరిగా కొత్తది ఆలోచించాలి. మన పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పిల్లలు ఒక్క బల్బునైనా వెలిగించి చూపించాల్సిన పని లేదు. వలయం బొమ్మ గీసి, అమ్మీటరు, రియోస్టాటు పేర్లు గుర్తిస్తే సరిపోతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు చాలామంది పిల్లలు ఇంగ్లీషు మీడియంలో రాస్తున్నారు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు మాత్రం ఇంగ్లీషులో వాక్యం కుదరక ఖాళీ వదిలేస్తున్నారు. అది ఫిజిక్స్ రాకపోవడమో, వాక్యం రాకపోవడమో కాగితం చెప్పదు. నా స్లిప్ టెస్టుల్లో కారణం ఏ భాషలో రాసినా, సగం సగం కలిపి రాసినా, బాణాలు గీసి చూపినా ఒప్పుకుంటాను. తోటి ఉపాధ్యాయులు కొందరికి ఇది నచ్చదు. పబ్లిక్‌లో అలా కుదరదు కదా అంటారు. పబ్లిక్‌కు ఇంకా టైముంది, ముందు విషయం రానివ్వండి అంటాను.

క్లాసులో యాభై మంది ఉంటే ఇవన్నీ దిద్దడం ఎవరివల్ల అవుతుందని అడిగేవాళ్ల బాధ నాకు తెలుసు. సిలబస్, ఉత్తీర్ణత శాతం, రికార్డులు నెత్తి మీద ఉంటాయి. అందుకే పేపరంతా మార్చమనను. ప్రతి యూనిట్ టెస్టులో ఒక్కటి, అంకెలు లేనిది, గైడులో దొరకనిది పెట్టండి. దానికి మొదట్లో మార్కులు కూడా వద్దు. పిల్లలు రాసిన తప్పు కారణాలను ఒక నోటు పుస్తకంలో ఎక్కించుకోండి, వచ్చే ఏడాది మీ బిట్లకు ఆప్షన్లు అందులోనే దొరుకుతాయి. పక్క ఊరి బడి ఉపాధ్యాయుడితో ఆ పుస్తకం మార్చుకోండి. పబ్లిక్ పేపరు తయారుచేసే పెద్దలను కోరేదీ ఇంతే: నమూనా పత్రంలో చూపించని ప్రశ్న ఏటా ఒక్కటైనా ఉంచండి, పిల్లలు గగ్గోలు పెడతారని భయపడకండి.

ఇంట్లో పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మాట. పైన ఉన్న మూడు బల్బుల ప్రశ్న ఈ ఆదివారం వాళ్లను అడగండి. మీకు సైన్సు రాకపోయినా ఫరవాలేదు. జవాబు చెప్పాక తప్పో ఒప్పో తేల్చకుండా ‘ఎందుకలా?’ అని మాత్రం అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి.