గులాబి రాయిలో బేరియం శిఖరాలు

పోలండ్, చెక్ దేశాల సరిహద్దులోని కర్కొనోషె పర్వతాల గ్రానైట్ వయసు సుమారు 31 కోట్ల ఏళ్లు. అందులో సెంటీమీటర్ల పొడవు పెరిగిన ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలున్నాయి. కోసి నునుపు చేసినా కంటికి దాదాపు ఒకటే గులాబి రంగు. ఎవా స్వాబి, మిహావ్ ష్మిగ్యెల్‌స్కి తదితరులు వాటికి కంప్యూటర్‌లో కట్టిన రసాయన నమూనాలు చూస్తే, ఆ గులాబి ఒట్టి తెర అని తెలుస్తుంది.

లేజర్ కిరణంతో స్ఫటికం మీద సన్నని చుక్కలు పొడిచి, ఒక్కో చోట బేరియం, స్ట్రాన్షియం, రుబీడియం ఎంతెంతో కొలుస్తారు. ఆ అంకెలు కంప్యూటర్‌లో నేలరూపు దాలుస్తాయి. మూలకం ఎక్కువున్న చోట శిఖరం, తక్కువైన చోట లోయ.

బేరియం పటం ముందు కాసేపు ఆగండి. మొదట స్ఫటికం అంచుకు సమాంతరంగా గట్లు కనిపిస్తాయి. పొర మీద పొరగా పెరిగిన క్రమం అది. ఒక గట్టు వెంట చూపు నడిపించండి. ఉన్నట్టుండి తెగుతుంది, పల్లంలోకి జారుతుంది, కాస్త అవతల మళ్లీ లేస్తుంది. ఒకే పొర, ఒకే కాలం, అయినా అడుగడుక్కీ వేరే తీరు! ఎంత చూసినా తనివి తీరని చోటు ఇదే.

ఎందుకిలా? భూమి లోతుల నుంచి వచ్చిన వేడి మాగ్మా గ్రానైట్ మాగ్మాలోకి చొరబడింది. డికాక్షన్‌లో పోసిన పాలు కలియబెట్టకముందు పాకినట్టు, సాగుతూ, మడతలు పడుతూ తీగలైంది. పెరుగుతున్న స్ఫటికానికి ఒక పక్క బేరియం నిండిన తీగ తగిలింది, మరో పక్క తగల్లేదు. ఫెల్డ్‌స్పార్‌లో బేరియం కదలిక మహా నెమ్మది. అందుకే ఆ స్పర్శ చెరిగిపోలేదు.

నడిమధ్య నుంచి అంచు దాకా ఒకే గీత మీద కొలిస్తే ముందేదో వెనకేదో తెలుస్తుంది గాని, పక్కపక్కనే జరిగిన ఈ అలజడి దొరకదు. ఆ అలజడికి హర్స్ట్ సంఖ్య అనే కొలత కూడా ఉంది. 0.5 దాటితే మార్పు పట్టిన దారినే సాగుతుంది, తగ్గితే మాటిమాటికీ వెనక్కి మళ్లుతుంది.

చుక్కకూ చుక్కకూ నడుమ ఉన్నది గణితం చేసిన అంచనాయే, నిజమే. రంగులూ మనిషి ఎంచుకున్నవే. ఆ రంగులన్నీ తీసేసి నలుపు తెలుపుల్లో చూసినా ఈ శిఖరాల అందం ఇసుమంతైనా తగ్గదు.