ప్రతిరక్షకం చెప్పే సాక్ష్యం

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రవేశపరీక్షలకు తర్ఫీదు పొందే విద్యార్థులు ప్రతిరక్షకాన్ని గూర్చి ముఖ్యంగా నేర్చుకొనేది ఒక్క వాక్యం. ప్రతి ప్రతిరక్షకమూ తన ప్రతిజనకానికే అంటుకొంటుంది, తాళానికి తాళపుచెవి వలె. నాలుగు జవాబులలో ఒకదానిని ఎన్నుకొనడానికి ఇది చాలు. వాక్యం అబద్ధమనడానికీ వీలులేదు. కాని పరీక్షించి తేల్చవలసిన సంగతిని ఇది పుట్టుకతో వచ్చిన గుణంగా చూపుతున్నది. పెద్ద లోపమే అది.

ఎంత పెద్దదో తెలియాలంటే, చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగర్ దాకా పోయి అక్కడి ఆసుపత్రులను తలచుకొంటే చాలు. రొమ్ములో పుట్టిన కేన్సరు కంతినుండి చిన్న ముక్క తీసి పరీక్షించినప్పుడు, రోగి చేతికి వచ్చే కాగితంలో 'ఇ.ఆర్. పాజిటివ్' అనో 'నెగటివ్' అనో ఉంటుంది. ఇ.ఆర్. అనగా ఈస్ట్రోజన్ గ్రాహకం. ఈస్ట్రోజన్ తనను చేరగానే డి.ఎన్.ఏ.ను పట్టుకొని కొన్ని జన్యువుల అనులేఖనాన్ని నడిపే మాంసకృత్తు ఇది. ఇటువంటి వాటినే అనులేఖన కారకాలంటారు. అది కణకేంద్రకాలలో ఉన్నదీ లేనిదీ చెప్పేది ప్రతిరక్షకమే. అంటిన చోట సాధారణంగా గోధుమరంగు తేలుతుంది. కంతి కణాలలో నూటికి ఒకటి రంగు పట్టినా పాజిటివ్‌గా ఎంచాలని 2010లో అమెరికన్ వైద్యసంఘాలు నిర్ణయించినవి. ఒకటి మొదలు పది వరకైతే 'తక్కువ పాజిటివ్' అని వేరుగా వ్రాయాలని 2020లో సవరించినవి. టామాక్సిఫెన్ వంటి మందు ఇవ్వడమా మానడమా అన్నది ఈ రంగును బట్టే. రంగు అబద్ధమాడితే ఒక స్త్రీ ఏళ్ల తరబడి పనికిరాని మందు మ్రింగుతుంది, లేదా పనికివచ్చే మందుకు దూరమవుతుంది.

ప్రతిరక్షకం ఎందుకు పొరబడుతుంది? అది మాంసకృత్తు మొత్తాన్ని చూడదు, దాని ఉపరితలంమీద చిన్న భాగాన్ని మాత్రమే పట్టుకొంటుంది. చొక్కా రంగు చూచి మనిషిని పోల్చుకొన్నట్లు! అటువంటి భాగమే మరొక మాంసకృత్తులోనూ ఉండవచ్చు. అనులేఖన కారకాల విషయంలో చిక్కు మరీ ఎక్కువ. కణంలో ఇవి బహుస్వల్పం. కణానికి ఆకృతినిచ్చే మాంసకృత్తులు కోకొల్లలు. ఆ కోకొల్లలలో ఒకదానికి ప్రతిరక్షకం కొద్దిగా అంటినా సరే, అసలుదాని జాడ మరుగున పడిపోతుంది. పైగా వీటిలో కుటుంబ పోలికలు జాస్తి. ఈస్ట్రోజన్ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు, డి.ఎన్.ఏ.ను పట్టుకొనే భాగంలో నూటికి 95 పాళ్లు ఒకటే. ఇక కణజాలాన్ని ఫార్మలిన్‌లో నిలువచేసినప్పుడు మాంసకృత్తుల రూపమే మారిపోతుంది. ఒక పద్ధతిలో నమ్మకంగా పనిచేసిన ప్రతిరక్షకం మరొక పద్ధతిలో తప్పవచ్చు.

బీటా గ్రాహకం చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ. దానిని 1996లో కనుగొన్నారు. పిమ్మట ఇరువది యేండ్లు ఎన్నో ప్రయోగశాలలు రకరకాల ప్రతిరక్షకాలతో దానిని వెదకి, రొమ్ములో ఉన్నదని పలుమార్లు ప్రకటించినవి. 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు 13 ప్రతిరక్షకాలను కలిపి పరీక్షిస్తే, నమ్మదగినది ఒక్కటే తేలింది. దానితో చూడగా బీటా వృషణాలలో, అండాశయంలో, మరికొన్నిచోట్ల కనిపించింది గాని, రొమ్ములో కనిపించలేదు. పరిశోధకులు సోమరులు కారు. డబ్బీమీద అచ్చువేసిన పేరును నమ్మారు, అంతే.

ఆసుపత్రులు వెదకేది ఆల్ఫాను. దానికి వాడే ప్రతిరక్షకాలు చాలకాలంగా పరీక్షలకు నిలిచినవి కాబట్టి రోగులు బెదరనక్కరలేదు. అయినా, గ్రాహకం తప్పక ఉన్న ముక్కనూ, లేని ముక్కనూ ప్రక్కన పెట్టి పోల్చాలన్న నియమం అక్కడ ఉన్నది. పరిశోధనలోనైతే ఆ జన్యువును తొలగించిన కణాలపై ప్రతిరక్షకాన్ని ప్రయోగించడం గట్టి పరీక్ష. అక్కడకూడ రంగు తేలిందా, ఆ ప్రతిరక్షకం మరి దేనినో పట్టుకొన్నదన్నమాట.

ఈ ఊహ ఉన్నత పాఠశాలకు కొత్తది కాదు. గంజిలో అయొడిన్ వేసి నీలిరంగు చూపే ఉపాధ్యాయుడు, మంచివాడైతే, ప్రక్కన మంచినీటిలోనూ ఒక చుక్క వేసి చూపుతాడు. అదే విద్యార్థి పై తరగతిలో ప్రతిరక్షకాల పాఠానికి వచ్చేసరికి, ఆ మంచినీటి గిన్నె ఊసే ఉండదు.