చారల పనితనం

గద్వాల, వనపర్తి వీధుల్లో గోడల మీద తిరిగే చారల పిల్లి వెన్ను నుంచి రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టి చూడండి. చారకూ చారకూ మధ్య నుంచి రాలినదైతే దానికి ఒకే రంగు ఉండదు. కొస నలుపు, కింద పసుపు పట్టీ, మళ్లీ ముదురు రంగు. వెంట్రుక ఎదుగుతుండగా నల్లరంగు తయారీ కాసేపు ఆగి పసుపుకు మళ్లుతుంది. అలా మళ్లించేది అగౌటి అనే ప్రోటీన్. చార ఉన్నచోట దాని మాట పెద్దగా చెల్లదు, వెంట్రుక నల్లగానే పెరుగుతుంది.

ఇంకా గొప్ప సంగతి, చారలు ఎక్కడ రావాలో తల్లి కడుపులోనే నిర్ణయమైపోవడం. అప్పటికి వెంట్రుకలూ లేవు, రంగూ లేదు. పిండం చర్మంలో డీకేకే4 అనే జన్యువు పట్టీలు పట్టీలుగా మేల్కొంటుందనీ, తర్వాత నల్లబడేవి ఆ పట్టీలేననీ 2021లో శాస్త్రవేత్తలు చూపించారు. టాక్‌పెప్ అనే మరో జన్యువు దెబ్బతింటే పిల్లి సన్న చారలు వెడల్పాటి సుడులవుతాయి. ఒడిశాలోని సిమిలిపాల్ పులుల చారలు ఒకదానిలో ఒకటి కలిసి ఒళ్లు నల్లబడటానికీ ఆ జన్యువులోని మార్పే కారణం. పిల్లికీ పులికీ పనిముట్లు ఒకటే!

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలో పులుల్ని గుర్తుపట్టేది చారలతోనే. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కుడి డొక్క చారలు ఎడమ డొక్కవాటితో సరిపోవు, అందుకే దారికి రెండు పక్కలా కెమెరాలు పెడతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టం మూడు రంగుల పిల్లి. అది దాదాపు ఎప్పుడూ ఆడదే. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడపిల్లికి ఎక్స్‌లు రెండు, ఈ పిల్లిలో వాటిలో ఒకదాని మీదే నారింజ జన్యువు ఉంటుంది. పిండదశలో ప్రతి కణమూ వాటిలో ఒకదాన్ని మూసేస్తుంది, దాని సంతతి కణాలూ అదే పాటిస్తాయి. ఏది మూయాలో ఎవరూ చెప్పరు. గద్వాల చీరలో నూలు ఒడలూ పట్టు అంచూ మగ్గం మీదే కలిసినట్టు, ఒకే చర్మంలో నలుపు కణాలూ నారింజ కణాలూ పక్కపక్కన ఇమిడిపోతాయి. తెలుపు సంగతి వేరు, అక్కడికి రంగు కణాలే చేరలేదు.

2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్‌లో రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి కణం నుంచి ప్రపంచంలోనే మొదటి క్లోన్ పిల్లి పుట్టింది. జన్యువులు రెయిన్‌బోవే. ఒంటి మీద నారింజ మచ్చ మాత్రం ఒక్కటీ లేదు.