మంటకు నీటి తోడు

ఎండాకాలం గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు మన పెద్దలు. తడికలోంచి వచ్చేసరికి వడగాలి కాస్తా చల్లగాలి అయ్యేది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని గాలి నుంచే లాగేసుకుంటుంది. టర్బో ఇంజిన్‌లోకి నీళ్లు, మిథనాల్ చిమ్మే పద్ధతికీ ఇదే ఆధారం.

టర్బో పని గాలిని కుదించి సిలిండర్లలోకి పంపడం. ఎక్కువ గాలి వెళితే ఎక్కువ ఇంధనం మండుతుంది, శక్తి పెరుగుతుంది. కానీ సైకిల్ పంపు కొట్టినప్పుడు గొట్టం వేడెక్కినట్టే, కుదించిన గాలీ వేడెక్కుతుంది. వేడి మితిమీరితే స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. అది ముదిరితే పిస్టన్లు దెబ్బతింటాయి.

కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,257 కిలోజౌళ్ల వేడి పడుతుంది. మిథనాల్‌కు సుమారు 1,100, పెట్రోలుకు 350 చాలు. చల్లబరచడంలో నీటిదే పైచేయి. మిథనాల్ చల్లబరుస్తూనే తానూ మండుతుంది, నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, చలిదేశాల్లో నీరు గడ్డకట్టకుండా కాస్తుంది. అందుకే రెంటినీ సగంసగం కలపడం వాడుక అయింది.

ఈ విద్య యుద్ధ విమానాల్లో రాటుదేలింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన ఎం.డబ్ల్యు. 50 ద్రవంలో సగం మిథనాల్. మిగతాది దాదాపు అంతా నీరే, తుప్పు పట్టకుండా కొద్దిగా నూనె. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ దీన్ని మామూలు కొనుగోలుదారు చేతికి తెచ్చింది. 3.5 లీటర్ల వి8 ఇంజిన్, 215 హార్స్‌పవర్, 10.25:1 కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమం ఎన్ని రెట్లు కుదుస్తుందనే లెక్క). టర్బో ఇంజిన్‌కు ఆ రోజుల్లో అది చాలా ఎక్కువ. అందుకే 'టర్బో రాకెట్ ఫ్లూయిడ్' పేరుతో నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ప్రత్యేక ట్యాంకులో పోయాల్సి వచ్చేది. అది అయిపోతే ఇంజిన్‌ను కాపాడేందుకు బూస్ట్, అంటే టర్బో గాలిని నెట్టే ఒత్తిడి, తగ్గిపోయే ఏర్పాటూ చేశారు. కానీ చాలామంది ట్యాంకు నింపడం మరిచారు, బండి లాగడం లేదని ఫిర్యాదు చేశారు. చివరికి ఎన్నో కార్లకు టర్బో తీసేసి మామూలు కార్బురేటర్ బిగించారు. 1963తో జెట్‌ఫైర్ ఆగిపోయింది.

పద్ధతి మాత్రం చావలేదు. 1980ల తొలినాళ్లలో ఫార్ములా వన్‌లో ఫెరారీ, రెనో నీటిని వాడాయి. 2016లో బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్ 5 లీటర్ల ట్యాంకుతో, ఉత్త నీటితోనే 500 హార్స్‌పవర్ ఇంజిన్‌ను చల్లబరిచింది.

అమరికలో మెళకువలు ఉన్నాయి. ద్రవం సన్నని తుంపరగా విడిపోవాలి. అందుకు ఎక్కువ ఒత్తిడి ఇచ్చే పంపు, సన్నరంధ్రపు నాజిల్ కావాలి. నాజిల్‌ను సాధారణంగా, కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటాక బిగిస్తారు. బూస్ట్ పెరిగేకొద్దీ తుంపర పెరిగేలా కంట్రోలర్‌ను సరిచేస్తారు. కుళాయి నీళ్లలోని లవణాలు నాజిల్‌ను మూసేస్తాయి కాబట్టి డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఇంత చేసినా నీరు తనంతట తాను శక్తినివ్వదు. అది వేడిని తగ్గించి వెసులుబాటు కల్పిస్తుంది. ఆ వెసులుబాటుతో బూస్ట్ పెంచి, ఇగ్నిషన్ టైమింగ్‌ను ముందుకు జరుపుకున్నప్పుడే లాభం.

మిథనాల్ విషయంలో ఏమరుపాటు పనికిరాదు. కల్తీ సారా తాగి చూపు, ప్రాణం పోగొట్టుకున్నవారి వార్తల్లో వినే విషం ఇదే. పగటి వెలుగులో దాని మంట కంటికి సరిగా ఆనదు కూడా.

ఇంజిన్‌ను ఈ తుంపరకు అలవాటు చేశాక తుంపర ఒక్కసారి ఆగినా నాకింగ్ మొదలవుతుంది. కాబట్టి ఈ అమరిక పెట్టించుకునేవారు ఎన్ని హార్స్‌పవర్లు పెరుగుతాయని అడిగేముందు, ట్యాంకు ఖాళీ అయినా, నాజిల్ మూసుకుపోయినా బూస్ట్ దానంతట అదే తగ్గుతుందా అని అడగండి. తగ్గుతుందని పరీక్షించి చూపిస్తేనే బిగించుకోండి.