బోనెక్కని చక్రవర్తి

హెర్బర్ట్ బిక్స్ వ్రాసిన హిరోహితో జీవితచరిత్ర 2000లో వెలువడి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందినది. జపాను చక్రవర్తి సేనానుల చేతిలో కీలుబొమ్మ కాడనీ, యుద్ధ నిర్ణయాలలో స్వయముగా పాలుపంచుకొన్నాడనీ గ్రంథకర్త వాదము. అయితే చక్రవర్తి స్వంత దినచర్యలు ఆయనకు అందలేదు. పరివారపు వ్రాతలే ఆధారము. కొన్నిచోట్ల సాక్ష్యము ఉండవలసిన చోట ఊహ కూర్చున్నదని మాకు తోచినది.

కాని శిక్షించుటకు కావలసిన సాక్ష్యము వేరు, విచారించుటకు కావలసినది వేరు. 1946లో టోక్యోలో 28 మందిని బోనెక్కించారు. 1948 డిసెంబరు 23న ఏడుగురిని ఉరితీశారు. చక్రవర్తిని సాక్షిగానైనా పిలువలేదు. ఆయనపై చేయి వేస్తే పది లక్షల సైన్యము కావలసివచ్చునని మెకార్థర్ 1946 జనవరిలో వాషింగ్టనుకు తెలిపాడు. అది పాలకుల అవసరమే గాని న్యాయము కాదు. ప్రధాన కర్త విచారణ తప్పించుకొన్నాడని ఫ్రెంచి న్యాయమూర్తి బెర్నార్ తన అసమ్మతి తీర్పులో వ్రాశాడు. గెలిచినవారే తీర్పరులైతే అది న్యాయసభ కాదని జస్టిస్ రాధావినోద్ పాల్ నిందితులందరినీ నిర్దోషులన్నారు. ఆ మాటలో బలమున్నది. కాని దానివలన చచ్చినవారికి జవాబు దొరకదు.

1942-43లో వేసిన సయాం-బర్మా రైలుదారికి మలయా తోటల నుంచి తరలించిన కూలీలలో మన తెలుగువారూ ఉన్నారు. కంగాణి బెత్తము ఎవరి అండతో లేచెడిదో మన పెద్దలు ఎరుగుదురు. బెత్తము పట్టినవానినే అడిగి, అండ ఇచ్చినవానిని అడుగకుంటే లెక్క సగమే తేలును. హిరోహితో 1989లో మరణించాడు. ఇక విచారణ లేదు. ఆ సగము లెక్క కోసమే మనవారు ఈ గ్రంథము చదువవలెను, ఊహ ఎక్కడో ఆధారమెక్కడో గుర్తించుకొంటూ.