మధూకరం దొరికే వీధులు

కొల్లేటి లంకల్లో బడి వార్షికోత్సవమైతే చాలు, మైకు ముందుకొచ్చిన పెద్దమనిషి ఘంటసాల కథ ఎత్తుకుంటాడు. విజయనగరంలో మధూకరం చేసి, ఇంటింటా అన్నం అడిగి తిని, సంగీతం నేర్చాడు. మీరూ కష్టపడండి అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. సంగీతం చెప్పుకుని బతికేవాణ్ణి గనక నాకా కథంటే గౌరవం. కానీ ఈ పిల్లలకు ఆ కథ సగమే చెబుతున్నాం.

ఘంటసాల మనకు పరాయివాడు కాదు. 1922లో ఆయన పుట్టిన చౌటపల్లి గుడివాడ ప్రాంతంలోదే. తండ్రి చిన్నప్పుడే పోయారు, ఇల్లు గడవడం కష్టమైంది. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. ఆకలీ నిజమే, పట్టుదలా నిజమే. అయితే మధూకరం ఎవరికి పెడతారు? జోలె పట్టుకొచ్చిన బ్రాహ్మణ విద్యార్థికి పెడతారు. అదే ఆకలితో, అంతే గొంతుతో కొల్లేటికోట నుంచి ఓ వడ్డీల కుర్రాడో, మాలపల్లె కుర్రాడో వెళ్లి ఆ గుమ్మాల్లో నిలబడితే ఏమయ్యేది? పైగా ఘంటసాల తండ్రి సూరయ్య స్వయంగా పాడేవారు. గురువు దగ్గరికి వెళ్లేనాటికే ఆ పిల్లవాడి చెవిలో సంగీతం ఉంది. ఇది చెప్పినంత మాత్రాన ఆయన గొప్పతనం వీసమెత్తు తగ్గదు. చెప్పకపోతేనే, పాట రాని మన పిల్లవాడు తప్పంతా తనదే అనుకుంటాడు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టారు. చూపు మందగించి బడికి దూరమైన ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాయులీనం విని ఆచార్యుడిగా తీసుకున్నారు. వినే చెవి ఉంటే సంస్థ వంగుతుందన్నమాట. అయితే అక్కడ వినిపించింది వాళ్లకు తెలిసిన సంగీతమే!

ఇప్పుడు మనం ఫీజు మాఫీ చేసి తలుపు తెరిచేశామనుకుంటాం. సంగీత కళాశాలలో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పోటెత్తితే లంకల దారులు మునిగిపోతాయి. హాజరుపట్టీకి ఆ సంగతేం తెలుసు? సాధనకి ఇంట్లో చోటుండాలి. చేపల చెరువు గట్టున కాపలా పాకలో శ్రుతిపెట్టె ఎక్కడ పెట్టుకుంటారు? అయినా ఇవన్నీ డబ్బుతో, కాస్త మనసుతో తీరే చిక్కులే.

తీరనిది గొంతు దగ్గరుంది. నీళ్ల మీద పడవ నుంచి పడవకి కేకేసి పెరిగిన పిల్ల గొంతు ఖంగుమంటుంది. ఆ గొంతుతో ‘స’ పట్టిందంటే గోడలు పలుకుతాయి. మా సంగీతం మాస్టార్లు వెంటనే ‘అరవకమ్మా, పాడు’ అంటారు. తర్వాత ‘నీ పలుకు బాలేదు’ అంటారు. ఆ పిల్లకి పెద్దింట్లమ్మ జాతర పాటలు తాళం తప్పకుండా వచ్చు. దరువు మారితే పాదం దానంతటదే మారుతుంది. అదేదీ లెక్కలోకి రాదు. మాయామాళవగౌళలో సరళీ స్వరాల దగ్గర ఆ పిల్ల సున్నా నుంచి మొదలవుతుంది. ఇంట్లో రోజూ త్యాగరాజ కీర్తనలు వినే పిల్ల పది మెట్లు ఎక్కేసి కూర్చుంటుంది. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటేనట, అదే సమానత్వమట.

టి.ఎం. కృష్ణ చెన్నైలో ఊరూర్ ఆల్కాట్ కుప్పమనే జాలరిపేటలో కర్ణాటక కచేరీలు పెట్టించారు. కొందరు మెచ్చారు, కొందరు ముక్కు విరిచారు. మంచి పనే అంటాను నేను. కానీ కచేరీ పేటకి వెళ్లడం కన్నా పేట పాట పాఠంలోకి రావడం కష్టం. అక్కడ నేర్చుకోవాల్సింది గురువు.

నా దగ్గర మొదటివారం సరళీ స్వరాలు లేవు. ఎవరి పాట వాళ్లు పాడాలి. దాని శ్రుతి వెతికి పట్టుకోవడం నా పని. ఆ శ్రుతిలోనే తర్వాతి పాఠం. జంట స్వరాలకు వచ్చేసరికి లంకల పిల్లలు లయలో మిగతావాళ్లను దాటిపోతున్నారు. ‘అవన్నీ దేనికండీ, పరీక్షలో మార్కులొస్తాయా?’ అని ఏలూరు నుంచి పిల్లను దింపడానికొచ్చే ఒకావిడ అడిగారు. రావు. ఆ పాటలకు సిలబస్‌లో చోటు లేదు.