ప్రత్యుత్తరమా, ప్రత్యారోపణమా?

ఇంట బియ్యము నిండుకొన్నవేమని ఇల్లాలు అడిగినప్పుడు, “మీ పుట్టింట ఎన్నడైన గాదెలు నిండి యుండెనా?” యని మగడు బదులు పలికినచో ఆ పూట పొయ్యి రాజుకొనునా? మాటలో గెలుపు మగనిదే కావచ్చును. కుండ మాత్రము వట్టిదే. మన చట్టసభలలో ప్రతిపక్ష విమర్శకు ప్రభుత్వపక్షము చెప్పు సమాధానములు పెక్కు ఈ తీరుననే యున్నవి. కావ్యములను, నాటకములను గుణదోష విచారణ చేయు మనము, ప్రజల బ్రదుకుతో ముడివడిన ఈ సభావాఙ్మయమును విచారింపక విడుచుట తగదు.

సమాధానము చెప్పు కళ మనకు క్రొత్త కాదు. దుర్భాక రాజశేఖర శతావధానిగారును, గడియారము వేంకటశేషశాస్త్రిగారును వసించిన ప్రొద్దుటూరు అవధానవిద్యకు పేరు మోసిన పట్టణము. అవధాని పృచ్ఛకు డిచ్చిన సమస్యనే పూరింపవలయును; అడిగిన ఛందస్సుననే పద్యము చెప్పవలయును. “నాకు ముందు వచ్చిన అవధాని దీనిని పూరించెనా?” యని ఎదురడిగిన సభ నవ్వును. అవధానమున అప్రస్తుతప్రసంగి యని యొకడుండును. అతడు సంబంధములేని మాటలతో అవధాని ఏకాగ్రతను చెడగొట్టజూచును. మన సభలలో విచిత్రమేమనగా, ఆ అప్రస్తుతప్రసంగమును సమాధానము చెప్పవలసిన వారే స్వయముగా చేపట్టుచున్నారు.

కడపజిల్లా ఉక్కు కర్మాగారపు వ్యవహారమును నిదర్శనముగా గైకొందము. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టము పదుమూడవ షెడ్యూలులో దీని ప్రస్తావన కలదు. నియమిత దినము మొదలు ఆరు నెలలలో భారత ఉక్కు సంస్థ ఈ జిల్లాలో సమగ్ర కర్మాగారస్థాపనకు గల సాధ్యాసాధ్యములను పరిశీలింపవలయునని దాని భావము. ఆ దినము 2014 జూన్ 2. గడువు ఆ యేటి డిసెంబరునాటికి తీరినది. విమర్శించువారు “చట్టము కర్మాగారము నిచ్చినది” యనిరి. ప్రభుత్వమువారు “చట్టము పరిశీలన మాత్రమే కోరినది, సంస్థ పరిశీలించి లాభదాయకము కాదన్నది” యనిరి. అక్షరముల వఱకు ప్రభుత్వపు మాటయే సరి; విమర్శకులు చట్టమున లేని పదమును చదివిరి. ఇది వారి దోషము.

కాని పరిశీలన యనునది నిర్ణయము కొఱకే గదా! ఆ నిర్ణయ మెక్కడ? తొలి నివేదిక పిమ్మట మఱల కార్యదళమును నియమించి, సంవత్సరములు గడచినను “పరిశీలనలో నున్నది” యని సమాధానము చెప్పుచు వచ్చిరి. కాదన్నచో కారణములు చూపి కాదనవలయును. అవునన్నచో తేదీ చెప్పవలయును. రెండును గాక నడుమ నిలుచుట సమాధానమని మేము ఒప్పుకొనజాలము. లోక్‌సభలో మంత్రుల హామీల నెఱవేర్పును కనిపెట్టుటకు 1953లోనే యొక సంఘము ఏర్పడినది. “విషయము పరిశీలనలో నున్నది” యను మాటను సైతము ఆ సంఘము హామీగానే యెంచును. అనగా, మంత్రికి తప్పించుకొనుటకు పనికివచ్చు మాటయే, పట్టుకొనగల వారికి పత్రముగా నక్కఱకు వచ్చును.

2018 జూన్‌లో ఈ విషయమై కడపలో నిరాహారదీక్ష జరిగినది. మఱుసటి నెల 20వ తేదీన తెలుగుదేశమువారి అవిశ్వాసతీర్మానము లోక్‌సభలో చర్చకు వచ్చినది. రాత్రి ప్రధానమంత్రి దీర్ఘముగా ప్రత్యుత్తర మిచ్చెను. 325 మంది వ్యతిరేకింపగా, 126 మంది బలపఱుపగా తీర్మానము వీగిపోయెను. ఆ ప్రసంగమున ప్రత్యేకహోదాను గూర్చి పదునాల్గవ ఆర్థికసంఘపు సిఫారసులను చూపుట, ఒప్పినను ఒప్పకున్నను, సమాధానమే. వాదింపదగిన కారణ మందున్నది. కాని రాష్ట్రమును చీల్చిన వారు కాంగ్రెసువారని చెప్పుటయు, తెలుగుదేశము తన ప్రత్యర్థి వలలో పడినదని యెత్తిపొడుచుటయు సమాధానములు కావు. చేసినవారి దోషము ఎంత పెద్దదైనను, చేయవలసినవారి బాధ్యత తఱుగదు.

ఆ రాత్రి సభలో కడప స్థానము శూన్యముగా నుండెనని పాఠకులు గుర్తుంచుకొనవలయును. ప్రత్యేకహోదాకై వై.యస్.ఆర్. కాంగ్రెసు సభ్యు లైదుగురు ఆ యేప్రిల్‌లో రాజీనామా చేయగా జూన్‌లో ఆమోదింపబడినవి. అందు కడప సభ్యుడును ఒకడు. నిరసన తెలుపుటకు రాజీనామా ఒక మార్గమే. అయినను మన జిల్లా పేర అడుగవలసిన నోరు అడుగవలసిన నాడే మూతవడినది.

ఇక జమ్మలమడుగు ప్రాంతపు శిలాఫలకముల కథ వినుడు. 2007 జూన్‌లో నాటి ముఖ్యమంత్రి, పులివెందుల సభ్యుడు, రాజశేఖరరెడ్డిగారు బ్రహ్మణి కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 2018 డిసెంబరులో చంద్రబాబునాయుడుగారు కంబాలదిన్నెయొద్ద మఱియొకటి చేసిరి. 2019 డిసెంబరులో, పులివెందుల సభ్యుడే యైన ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డిగారు సున్నపురాళ్లపల్లెయొద్ద మూడవది చేసిరి. 2023 ఫిబ్రవరిలో అచ్చటనే వారే నాలుగవది చేసిరి. పదునారేండ్లలో నాలుగు పునాదిరాళ్లు! ఒకరు “మీ రాయి ఏమైన”దన్న, రెండవవారు “మీ రాయి ఏమైన”దందురు. ప్రతివారి ప్రశ్నయు న్యాయమైనదే. ఎవరి బదులును బదులు కాదు. భూమి నిచ్చిన రైతునకును, కొలువునకై వేచి వయసు మీఱిన యువకునకును ఈ రాళ్ల పోటీలో దక్కిన దేమి?

“గతమును ఎన్నడు నెత్తగూడదా?” యని యొకరు మమ్ము అడుగవచ్చును. ఎత్తవచ్చును. ఖజానా వట్టిదిగా చేతికి వచ్చినదన్నచో లెక్కలతో చెప్పవలయును, అది కారణమగును. కాని మొదట అడిగినదానికి బదులు, పిదప కారణము, ఆపైన తులనము. ఈ వరుస తలక్రిందయినప్పుడే ప్రత్యుత్తరము ప్రత్యారోపణమగుచున్నది.

దీనికంటెను పెద్దకీడు మఱొకటి కలదు. 2017 నవంబరు మొదలు వై.యస్.ఆర్. కాంగ్రెసువారు శాసనసభను బహిష్కరించిరి. 2021 నవంబరు 19న చంద్రబాబునాయుడుగారు తమ యింటివారికి అవమానము జరిగినదని, ముఖ్యమంత్రిగానే మఱల వత్తునని సభ వీడిరి. 2024 ఎన్నికలలో 175 స్థానములకు 11 మాత్రమే పొందిన వై.యస్.ఆర్. కాంగ్రెసువారు ప్రతిపక్షనాయక హోదాకై పట్టుబట్టి, 2025 ఫిబ్రవరిలో గవర్నరు ప్రసంగవేళ లేచిపోయిరి. సభలో స్త్రీలను కించపఱచు మాట లెవరు పలికినను దండనార్హులే. చిన్నపక్షమునకు మాటలాడు సమయము నిచ్చుట పెద్దపక్షమునకు మర్యాద. అయినను పృచ్ఛకుడు లేచిపోయిన అవధానము అవధానమగునా? అడుగువాడు లేని సభలో మంత్రి చెప్పినదెల్ల ఏకపాత్రాభినయమే.

కావున గృహస్థులకు మా మనవి యిది. మీ సభ్యుడు ఎంత గట్టిగా గర్జించెనని కాక, ఏమి యడిగెనని చూడుడు. మంత్రి ఎంత చమత్కరించెనని కాక, అడిగినదానికి తేదీయు, మొత్తమును, బాధ్యుని పేరును చెప్పెనా యని చూడుడు. వార్తను ఇంటిల్లిపాదియు చదువునప్పుడు ఒక కాగితమున ప్రశ్న నొక ప్రక్కను, బదులు మఱియొక ప్రక్కను పిల్లలచేత వ్రాయింపుడు. రెండవ ప్రక్క వట్టిదిగా నున్నచో మన పక్షమువాడైనను వట్టిదే యని ఒప్పుకొనుడు. ఎదుటివాని తప్పును పట్టుట అందఱకును వచ్చును. మనవాని తప్పును పట్టగలిగిననాడే సభలో బదులు చెప్పువాడు జాగరూకుడగును.